కుండీకి పెళ్లిచూపులు

పెళ్లైన నలభై రోజుల్లో మా ఇంట్లో నేను కొలవని వస్తువు లేదు.

కిటికీలు కొలిచాను. బట్టల బీరువా కొలిచాను. పరుపులు మడిచిపెట్టే అర కొలిచాను. కొత్త కాపురం అంటే ఇదే అనుకున్నాను: చేతిలో కొలబద్ద, చెవి వెనక పెన్సిలు, నోట్లో ఏదో కూనిరాగం. ఒక ఆదివారం మధ్యాహ్నం మా ఆయన సోహే నిద్రపోతుంటే తల దగ్గర్నుంచి మడమల దాకా అతన్నీ కొలిచేశాను. నూట యాభై రెండు సెంటీమీటర్లు వచ్చింది. నూట డెబ్బై రెండు అని చెప్పాడు మరి! పోనీలే, పెళ్లికి ముందు అందరూ కాస్త పెంచే చెబుతారు అనుకుని క్షమించేసి, నుదుటి మీద ముద్దు పెట్టి, ఆ అంకె ఒక చీటీ మీద రాసి దాచుకున్నాను.

తోకొనామె అనే కుండల ఊళ్లో పాత మట్టి గొట్టాలు పేర్చి కట్టిన గోడల సందు ఎక్కితే రెండో మలుపులో మా ఇల్లు. కింద పనిశాల, పైన మేము. మామగారు, సోహే, అత్తయ్య ముగ్గురూ కలిసి బోన్సాయ్ అనే మరుగుజ్జు చెట్లకు కుండీలు చేస్తారు. అదీ పూత పూయని ఎర్రమట్టి కుండీలే. మెరిసే పూతంటే మామగారికి ఒళ్లుమంట. "మట్టి మొహానికి పౌడరెందుకు?" అంటారు. నేను నాగొయాలో రసాయనశాస్త్రం చదివి వచ్చాను. కొలవడమంటే నాకు చదువుతో అబ్బిన విద్య. అందుకే ఆ ఇంట్లో నాకు చేతనైన పని ఏదైనా ఉందంటే అదే అని ధీమాగా ఉండేదాన్ని.

నేను ఆర్డరిచ్చిన పరదాలు మార్చి మొదటి వారంలో వచ్చాయి. పసుపు పచ్చవి, చిన్న చిన్న తెల్లచుక్కలు. అత్తయ్యా నేనూ చెరో స్టూలెక్కి తగిలించాం. తగిలించి, దిగి, వెనక్కి నడిచి చూశాం.

పరదా కిందికి ఒక జానెడు కిటికీ ఖాళీగా ఉంది.

"వరద నీళ్లలో నడవడానికి బట్టలు ఎగ్గట్టినట్టుంది" అంది అత్తయ్య.

"షాపువాళ్లు తప్పు కుట్టి ఉంటారు అత్తయ్యా. నేను మూడుసార్లు కొలిచాను."

"దేంతో కొలిచావమ్మాయ్?"

"కిందుంది కదా, పనిశాల తలుపు పక్కన మేకుకి. వెదురు బద్ద."

"అక్కడ రెండుంటాయి."

"ఎర్రదారం కట్టింది. ముద్దుగా ఉంటుందనీ..."

అత్తయ్య నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తరవాత గోడకి ఆనుకుంది. తరవాత మెల్లగా కిందికి జారి చాప మీద కూర్చుండిపోయింది. భుజాలు అదురుతున్నాయి. ఏడుస్తోందేమోనని భయపడ్డాను.

"అది మట్టిబద్దమ్మా!" అంది ఎట్టకేలకు ఊపిరి తీసుకుని. "మట్టిని కొలిచేది. మనుషుల్ని కొలిచేది కాదు."

ఇంటికొచ్చిన ఎవరికీ ఆ సంగతి చెప్పాల్సిన అవసరం ఇంతవరకూ పడలేదట. మట్టి ఆరుతుంటే చిక్కుతుంది, బట్టీలో కాలుతుంటే ఇంకా చిక్కుతుంది. పచ్చిగా ఉన్నప్పుడు ముప్పై నాలుగు ఉన్న కుండీ కాలి బయటికొచ్చేసరికి ముప్పై అవుతుంది. ప్రతిసారీ లెక్కలు వేసుకోకుండా, కుండీలు చేసేవాళ్లు ఒక బొద్దు బద్ద చేసుకుంటారు. దాని మీద ప్రతి సెంటీమీటరూ కాస్త ఒళ్లు చేసి ఉంటుంది. పచ్చి మట్టిని దాంతో ముప్పై అని కొలిచి కోస్తే, కాలాక అచ్చంగా ముప్పై. అదే బద్దతో కిటికీని కొలిస్తే కిటికీ పొట్టిదవుతుంది. మొగుణ్ణి కొలిస్తే మొగుడు పొట్టివాడవుతాడు.

నేనూ చాప మీద పడి నవ్వాను. కడుపు పట్టుకుని, కళ్ల నీళ్లు కారేట్టు నవ్వాను. నవ్వుతూ నవ్వుతూ ఒక్కసారిగా లేచి కూర్చున్నాను.

"అత్తయ్యా, కుజె గారి చెట్టు."

అత్తయ్య నవ్వు కూడా అక్కడే ఆగిపోయింది.

కుజె గారు ఓడల్ని రేవులోకి లాగే పడవ నడిపి రిటైరైన మనిషి. ఆయన తొంభై ఏళ్ల నల్ల పైన్ చెట్టుకున్న కుండీ జనవరి మంచుకి పగిలింది. ఆ చెట్టు వేళ్లు రెండు మణికట్టంత లావున పైకి తేలి, కాళ్లు బార్లా చాపి కూర్చున్న పెద్దమనిషిలా చెరోవైపుకీ పాకి ఉంటాయి. వాటిని కొయ్యడానికి లేదు. కుండీయే వాటి కొలతకి రావాలి. ఆ కొలత తెచ్చే పని మామగారు నాకు అప్పగించారు. ఆ ఇంట్లో నాకిచ్చిన మొట్టమొదటి పని. తీపి బన్నులు పట్టుకుని, ఎర్రదారం బద్ద చంకన పెట్టుకుని వెళ్లి కొలిచి, చీటీ మీద "30" అని రాసి, పక్కన ఒక హృదయం బొమ్మ కూడా గీసి సోహేకి ఇచ్చాను. సోహే ఆ చీటీని ఎదురుగా గోడకి గుచ్చుకుని కుండీ చేశాడు.

అది మామూలు కుండీ అయితే ఇంత గుండెదడ ఉండేది కాదు. మా ఇసోమురా వాళ్లింట్లో కొడుకు చేసిన కుండీ అడుగున, పని మొదలుపెట్టి పన్నెండేళ్లయినా ఇంటి ముద్రే పడుతుంది. తండ్రి సరేనన్న రోజున కొడుకు తన సొంత ముద్ర వేస్తాడు. సోహే తన ముద్ర మొదటిసారి వేసింది ఆ కుండీకే. మామగారి షరతు ఒక్కటే: ఆ మొదటి కుండీలో ఆ వసంతంలోనే చెట్టు కూర్చోవాలి. కూర్చోకపోతే ముద్ర మూడేళ్లు సొరుగులోకి వెళుతుంది. "ఖాళీ కుండీ మీద పేరెందుకు? చెట్టు ఒప్పుకుంటేనే పేరు" అంటారాయన.

ఆ కుండీ అప్పటికే బట్టీలో చల్లారుతోంది.

మెట్లు రెండేసి దిగి పనిశాలలోకి పరిగెత్తాను. సోహే మోచేతుల దాకా మట్టితో ఉన్నాడు. చెప్పింది మొత్తం విన్నాడు. బట్టీ వైపు చూశాడు. నా వైపు చూశాడు. నేను తల దించుకున్నాను.

"అయితే నూట యాభై రెండు..." అన్నాడు మెల్లగా.

"ఏంటి?"

"నీ చీటీ చూశాలే. 'సోహే, 152, అయినా పర్లేదు' అని రాసుకున్నావ్. వారం నుంచీ అద్దం ముందు నిలబడి చూసుకుంటున్నా, నిజంగానే కుంగిపోయానా అని."

ఇద్దరం బట్టీ గోడకి ఆనుకుని, మట్టీ మసీ అని చూడకుండా నవ్వుకున్నాం. ఆ నవ్వులోనే నాకు ఏడుపు కూడా కాస్త కలిసింది. అది అతను చూడలేదనుకుంటా.

మర్నాడు మధ్యాహ్నం బట్టీ తెరిచారు. ఆ కుండీని బయటికి తీసి వెలుతుర్లో పెట్టినప్పుడు మామగారు కూడా దగ్గరికొచ్చి వంగి చూశారు. ఎండు ఖర్జూరం రంగు. నాలుగు మూలలూ కత్తితో కోసినట్టున్నాయి, కానీ వేలితో తడిమితే ఎక్కడా గీసుకోదు. అంచు మీద గోటితో మీటితే గుడి గంటకి చిన్న చెల్లెలు పలికినట్టు పలికింది. సోహే దాని నాలుగు కాళ్లనూ దళసరి గాజుపలక మీద ఇసుకా నీళ్లూ వేసి గంటసేపు రుద్ది సమం చేశాడు.

సాయంత్రం కుజె గారు తోపుడు బండి మీద చెట్టుతో సహా వచ్చారు. వేళ్లు కుండీ అంచు దాటి రెండువైపులా బయటికి వేళ్లాడాయి.

"తాతని తీసుకొచ్చి పసిపిల్లాడి ఉయ్యాల్లో పడుకోబెట్టినట్టుందయ్యా!" అని ఆయన పెద్దగా నవ్వారు. నేను నడుం వంచి ముఖం నేలకి తగిలేంతగా క్షమాపణ చెప్పుకున్నాను. "లే అమ్మా, లే. పాత కుండీకి తీగ చుట్టి ఇంకో ఏడాది లాగిస్తాలే." మామగారి వైపు తిరిగారు. "తెత్సుజీ, వచ్చేసారి ఈ అమ్మాయిని కొలతకి పంపకు. ఆగాగు, పంపు. బన్నులు బాగున్నాయి. బద్ద మాత్రం నా ఇంటిదే ఇస్తా."

ఆయన వెళ్లాక మామగారు నన్ను తిట్టినా బాగుండేది. తిట్టినా బాగుండేది. కుండీని బోర్లించి అడుగున ఉన్న సోహే ముద్రను బొటనవేలితో ఒకసారి తుడిచారు.

"మొగ్గలు విచ్చేదాకా గడువు. పన్నెండు రోజులు, మహా అయితే రెండు వారాలు. ఆ తరవాత ఎవరూ చెట్టు కుండీ మార్చరు" అన్నారు.

"అయితే నేను చెట్టు వెతికి తెస్తాను మామయ్యా."

"చెట్టుకి కుండీ వెతుకుతారు. కుండీకి చెట్టు వెతకడమేంటి కోడలా?"

"పెళ్లికూతురికి పెళ్లికొడుకుని వెతకట్లేదూ? అలాగే."

వంటింట్లోంచి అత్తయ్య గొంతు వినిపించింది. "అమ్మాయ్, తిన్నని గోడలు, పదును మూలలు, దళసరి అంచు. ఆ కుండీ మగవాడు. నువ్వు వెతకాల్సింది పెళ్లికూతుర్ని!"

అలా మొదలైంది మా కుండీకి పెళ్లిచూపులు.

రోజూ పని ముగిశాక కుండీని ఊదారంగు గుడ్డలో మూటకట్టి, ఆ మూటను సోహే గుండెలకి హత్తుకుంటే, నేను పక్కన మామూలు టేపు పట్టుకుని, ఇద్దరం ఊరి మీద పడేవాళ్లం. నిజం చెప్పొద్దూ, ఆ రోజుల్లో నాకు భయం ఎంత ఉండేదో సంతోషం అంతకు రెట్టింపు ఉండేది. సందులో ఎవరూ లేనప్పుడు మూట కింద నుంచి అతని చిటికెన వేలు పట్టుకునేదాన్ని. సందు ఎత్తు ఎక్కాక కాల్చిన చిలగడదుంప ఒకటి కొనుక్కుని చెరిసగం తినేవాళ్లం. పెద్ద సగం ఎవరిదో తేలక కొట్టుకునేవాళ్లం.

మంగలి షాపాయన దగ్గర సరిగ్గా ముప్పైకి సరిపోయే ప్లమ్ చెట్టుంది. కానీ అది పూల చెట్టు. "ఇంత మోటు మనిషికి మా పిల్లనివ్వను. దానికి నీలం పూత కుండీ చూశాను" అన్నాడు, నా ఎదుటే ఒకాయన గడ్డం గీస్తూ. గడ్డం గీయించుకుంటున్నాయన నురగలోంచే "పిల్లది సన్నం కదమ్మా, తట్టుకోలేదు" అని సానుభూతి చూపించాడు. బియ్యపు పిండి మిఠాయిల షాపులో మేపుల్ చెట్టు ఆరు సెంటీమీటర్లు చిన్నదైంది. "నాలుగేళ్లాగితే ఎదుగుతుంది, అప్పుడు రండి" అంది షాపావిడ, మిఠాయి చేతిలో పెట్టి. స్నానశాల ఆయన చెట్టు అన్నివిధాలా కుదిరింది. తీరా మాట ఖాయం చేసుకుందామనేసరికి, దాన్ని పోయిన వారమే అల్లుడికి ఇచ్చేశానని ఆయనకి గుర్తొచ్చింది.

తొమ్మిదో రోజుకల్లా ఊరంతటికీ తెలిసిపోయింది. చేపలామె బల్ల వెనక నుంచి కేకేసేది: "ఏమయ్యా సోహే, కుర్రాడికి సంబంధం కుదిరిందా?"

"జాతకాలు కలవట్లేదు అక్కా!"

"ఇంతకీ ఆ తజుకో టీచరమ్మ ఇంటికి వెళ్లారా?"

ఆ మాటకి సోహే ముఖంలో రంగు మారింది.

తజుకో ఉమెమొతో గారు డెబ్బై తొమ్మిదేళ్ల రిటైర్డు లెక్కల టీచరు. ఊళ్లో సగం మందికి లెక్కలు చెప్పింది. ఆమె దగ్గర ముప్పై ఏడు చెట్లున్నాయి. కుండీలు చేసే ఏ ఇంటి వాళ్లూ ఆ గడప తొక్కరట. ఎందుకంటే ఆవిడ కుండీని చూరు కింద ఉన్న బల్ల మీద పెట్టి మూల మీద వేలితో నొక్కుతుంది. ఊగిందో, ఇక మాట ఉండదు.

"నీది ఊగదు కదా? గంటసేపు రుద్దావు" అన్నాను.

"ఊగదు."

"మరింకేం?"

"నీకు తెలీదు చిజురూ. ఆవిడ నాకు లెక్కలు చెప్పింది."

పన్నెండో రోజు ఉదయం నేనే చెయ్యి పట్టుకుని లాక్కెళ్లాను. మెడలో తాడు కట్టిన కళ్లజోడుతో, చేతిలో కత్తెరతో ఆవిడే ఎదురొచ్చింది.

"ఎవరూ? ఇసోమురా కదూ. త్రికోణాల పరీక్షలో ముప్పై ఎనిమిది."

"నలభై ఒకటి టీచర్."

"ఆ మూడూ జాలిపడి వేశాను. ఏంట్రా ఆ మూట? కుజె చెట్టుకి చేసిందేనా? ఒకరు కాదన్న సంబంధాన్ని నా గడపలోకి తెచ్చావా?"

"కాదనలేదండీ, అక్కడ చోటు చాలలేదంతే" అని నేను అడ్డం వచ్చాను. "తప్పు కుండీది కాదు, నాది." మట్టిబద్ద సంగతి చెప్పేశాను. పరదాల సంగతీ చెప్పాను. ఎందుకో నూట యాభై రెండు సంగతి కూడా చెప్పేశాను.

ఆవిడ కళ్లజోడు తీసి నన్ను చూసింది. "ఏం చదువుకున్నావమ్మా?"

"రసాయనశాస్త్రమండీ."

"ఎక్కడ?"

"నాగొయాలో."

"ఫీజు వెనక్కిమ్మని అడుగు."

అలా అంటూనే లోపలికి రమ్మని తల ఊపింది. అరల చివర మెలి తిరిగిన ఒక జునిపర్ చెట్టు దగ్గర ఆగింది. సగం కాండం ఎండి ఎముకలా తెల్లగా ఉంది, మిగతా సగం ఆకుపచ్చగా పొంగుతోంది. దాన్ని చూడగానే నా చెయ్యి సోహే చొక్కాని పట్టుకుంది. ఇదే పెళ్లికూతురు. నాకు టేపు కూడా అక్కర్లేకపోయింది. ఆవిడ మాత్రం దారంతో కొలిచింది. సరిగ్గా ముప్పై కుండీలో కూర్చునే చెట్టు.

తరవాత కుండీకి పరీక్షలు. చెంబుతో లోపల నీళ్లు పోసింది. అవి అడుగు రంధ్రాల్లోంచి జారిపోయాక వేలితో లోపలంతా తడిమింది. ఒక్క చుక్క నిలవలేదు. "ఊఁ" అంది. బయట గోడల మీద నీళ్లు చల్లింది. ఏళ్ల తరబడి తడిసి తడిసి ఎలాంటి రంగు తేలుతుందో చూడ్డానికి. ఎర్రమట్టి లోపల్నుంచి వెచ్చగా చిక్కబడింది. "ఊఁ ఊఁ" అంది. రెండు ఊఁలు! నేను గాల్లో తేలిపోయాను.

ఆఖరికి చూరు కింది బల్ల మీద పెట్టి, మూల మీద వేలు వేసింది.

టక్.

ఇంకోసారి నొక్కింది. టక్ టక్.

"ఊగుతోంది. మూట కట్టుకోండి" అంది.

"టీచర్, నేను గాజుపలక మీద..."

"మీ నాన్న కూడా ఇదే అన్నాడు. నలభై ఏళ్ల కిందట తన మొదటి ముద్ర వేసుకుని ఇక్కడికే తెచ్చాడు. అదీ ఊగింది. మీ వంశంలోనే ఉందిరా ఆ ఊగుడు."

అప్పటిదాకా మాకెవరికీ ఆ సంగతి తెలీదు. మామగారు ఎవరికీ చెప్పలేదు. ఆయన ముద్ర మూడేళ్లు ఏ సొరుగులో, ఎందుకు పడి ఉందో, ఆ షరతు ఎక్కడ పుట్టిందో నాకు ఒక్క క్షణంలో అర్థమైంది. ఇప్పుడు ఇంకో మూడేళ్లు. నా బద్ద వల్ల. గుడ్డ విప్పి చేతిలో పట్టుకున్నాను.

సోహే మూట కట్టడానికి రాలేదు. కుండీ వైపు కూడా చూడట్లేదు. అరల కింద కుక్కలా వంగి, ఒక్కో కుండీ అడుగునా చూస్తూ చివరిదాకా నడిచాడు. మళ్లీ వెనక్కి వచ్చాడు.

"టీచర్, ఈ కుండీల కింద చెక్కపేళ్లు ఎందుకు పెట్టారండీ?"

"అరలు తిన్నగా లేవు. వడ్రంగిని మూడుసార్లు మార్చాను. ఈ ఊళ్లో సమంగా అర కొట్టేవాడే లేడు."

"అన్నిటికీ ఒకే కాలు కింద ఉన్నాయండీ. ఎడమవైపు ముందు కాలు."

"అయితే?"

"అరలు వంకరైతే ఒక్కోచోట ఒక్కోలా వంకర పోవాలి కదండీ. ముగ్గురు వడ్రంగులు ఒకటే తప్పు చెయ్యరు."

ఆవిడ కత్తెర కింద పెట్టింది. క్లాసులో నల్లబల్ల ముందు వాడే గొంతు అదేనేమో, నాకే వెన్ను నిటారైంది. "నిరూపించు" అంది.

సోహే అటూ ఇటూ చూశాడు. లోపల గోడకి ఆవిడ ముప్పై ఐదేళ్ల సేవకి స్కూలువాళ్లిచ్చిన ప్రశంసాపత్రం దళసరి అద్దంలో వేళ్లాడుతోంది. "అది ఒకసారి ఇప్పిస్తారా?" అన్నాడు. నేను కళ్లు మూసుకున్నాను. కళ్లు తెరిచేసరికి అద్దం ఊడదీసి అరుగు మీద పెట్టి, దాని మీద మా కుండీని నిలబెట్టాడు. నాలుగు మూలలూ నొక్కాడు. చప్పుడు లేదు. ఆవిడా నొక్కింది. చప్పుడు లేదు.

తరవాత ఆ అద్దాన్నే తీసి బల్ల మీద పరిచి, మూల మీద వేలు వేశాడు.

టక్ టక్.

అద్దం ఊగింది!

ఆఖరుగా అర మీంచి ఆవిడ పాత కుండీ ఒకటి, చెట్టుతో సహా, మోసుకొచ్చి బల్ల మీద పెట్టాడు. కదల్లేదు. అద్దం మీద పెట్టాడు. టక్ టక్.

"కుండీ కాదండీ" అన్నాడు సోహే, చెవులు ఎర్రబడి, చేతులు కట్టుకుని, అచ్చం నలభై ఒకటి వచ్చిన కుర్రాడిలా నిలబడి. "మీ బల్లే మెలి తిరిగి ఉంది. తిన్నగా ఉన్న కుండీ ఏది తెచ్చినా దీని మీద ఊగుతుంది. దీని వంకరకి సరిపోయే వంకర ఉన్నదే నిలబడుతుంది. మీరు ఇన్నేళ్లుగా ఈ ఊళ్లో ఉన్న వంకర కుండీలన్నీ ఏరి ఏరి కొనుక్కున్నారండీ."

నాకు లోపల్నుంచి నవ్వు తన్నుకొస్తోంది. ఊదారంగు గుడ్డ నోట్లో కుక్కుకున్నాను.

ఆవిడ బల్ల మీద అరచెయ్యి పెట్టి ఈ చివర్నుంచి ఆ చివరికి మెల్లగా నిమిరింది.

"ఇది మా ఆయన చేశారు. పెళ్లైన ఏడాదే. పోస్టాఫీసులో పనిచేసే మనిషికి రంపమెలా పట్టుకోవాలో ఏం తెలుసు? నాకు చెట్లిష్టమని నేర్చుకుని చేశారు. తిన్నగా ఉందా అని అడిగితే, 'లెక్కల టీచరు కోసం వంకరగా చేస్తానా?' అన్నారు. నేను నమ్మాను." బల్ల అంచు మీద ఒక్కటి చరిచింది. "యాభై ఏళ్లు దాటింది. ఈ మహానుభావుడు ఊళ్లో ఉన్న మంచి కుండీలన్నిటినీ నా చేతే వెళ్లగొట్టించాడు!"

ఆవిడ నవ్వడం మొదలుపెట్టింది. చిన్నగా మొదలై, పెద్దదై, కళ్లజోడు జారి తాడుకి వేళ్లాడేంతగా నవ్వింది. నేను గుడ్డ నోట్లోంచి తీసేసి ఆవిడతో కలిసి నవ్వాను. సోహే మాత్రం చేతులు కట్టుకునే ఉన్నాడు.

"నూటికి ఎన్ని వేయనురా?"

"మీ ఇష్టం టీచర్."

"తొంభై ఏడు. ఆనాడు జాలిపడి వేసిన మూడూ వెనక్కి తీసుకుంటున్నాను. ఏయ్ అమ్మాయ్, వంటింట్లో పుల్లలుంటాయి, అన్నం తినేవి, రెండు పట్రా. అన్నిటికంటే సన్నవి. చెట్టుని పట్టుకోవడం వచ్చా? వచ్చు, రాదు అని చెప్పకు, పట్టుకో."

మట్టి జల్లెడ పట్టింది. కుండీ రంధ్రాలకి వల ముక్కలు వేసింది. కుండీ బోర్లించినప్పుడు అడుగున ఉన్న సోహే ముద్రను కళ్లజోడు పైకీ కిందికీ జరిపి చూసింది. "అక్షరం కూడా తిన్నగానే ఉంది" అంది. జునిపర్‌ను పాత కుండీలోంచి లేపినప్పుడు నేను ఊపిరి బిగబట్టి కాండం పట్టుకున్నాను. వేళ్ల మధ్యకి మట్టి దిగేలా ఆవిడ పుల్లతో పొడుస్తుంటే చెట్టు నా చేతుల్లో కొంచెం కొంచెంగా గట్టిపడింది. చివరికి చెయ్యి తీసేశాను. కూర్చుంది. కుండీ ఆ చెట్టు కోసమే పుట్టినట్టు, ఆ చెట్టు ఇన్నేళ్లూ నిలబడి నిలబడి ఇప్పుడే కూర్చున్నట్టు ఉంది.

"టీచర్, ఈ బల్ల ఇస్తే నాన్న చిత్రిక పట్టి సమం చేస్తారు" అన్నాడు సోహే, సంతోషం పట్టలేక.

"ముట్టుకున్నారంటే చేతులు విరగ్గొడతాను" అంది ఆవిడ.

ఇంటికి పరిగెత్తాం. నిజంగానే పరిగెత్తాం, ఖాళీ గుడ్డ జెండాలా ఊపుకుంటూ. చేపలామెకి, మంగలాయనకి కేకలేసి చెప్పుకుంటూ.

మామగారు టీ తాగుతున్నారు. చెట్టు కూర్చుందన్నప్పుడు కప్పు దించారు. బల్ల సంగతి చెప్పినప్పుడు కప్పు పక్కకి పెట్టేశారు. లేచి వెనక సామాన్ల గదిలోకి వెళ్లారు. ఏవో డబ్బాలు కిందపడ్డ చప్పుడైంది. కాసేపటికి పాత వార్తాపత్రికలు చుట్టిన పొట్లం ఒకటి చంకలో పెట్టుకుని, ఒక కాలికి తన చెప్పు, ఇంకో కాలికి అత్తయ్య చెప్పు వేసుకుని గుమ్మం దాటారు.

"ఎక్కడికండీ? చేపలు వేయించేశాను!" అని అత్తయ్య వెంటపడింది. ఆవిడ వెనక మేమిద్దరం.

టీచరు గారి వాకిట్లో ఆయన పత్రికలు విప్పారు. నలభై ఏళ్ల నాటి కుండీ. ఒక్కసారి కూడా మట్టి తగలని కుండీ. మా సోహే కుండీకి పెద్దన్నలా ఉంది.

"టీచర్, మళ్లీ ఒకసారి చూస్తారా?" అన్నారు.

ఆవిడ బల్ల వైపు చెయ్యి చూపించింది. ఆయన పెట్టారు. నొక్కారు. టక్ టక్.

"ఊగుతోంది" అన్నారు మామగారు.

ఆ ఇంట్లో అడుగుపెట్టాక ఆయన నవ్వగా చూడ్డం నాకదే మొదటిసారి. పళ్లన్నీ కనిపించాయి. అద్దం మీద పెట్టారు. నొక్కారు. చప్పుడు లేదు. తీసి బల్ల మీద పెట్టారు. టక్ టక్. అద్దం మీద. చప్పుడు లేదు. మళ్లీ బల్ల మీద.

"చాలిక, రండి. అన్నం చల్లారిపోతోంది" అంది అత్తయ్య.

"ఉండవే."

"తెత్సుజీ, నా బల్ల అరిగిపోతుందయ్యా" అంది టీచరు.

"అరగనివ్వండి టీచర్. ఈ చప్పుడు నలభై ఏళ్లు చెవిలోనే ఉంది. ఇవాళ తీరిగ్గా విననివ్వండి." టక్ టక్. తల ఎత్తకుండానే అన్నారు: "సోహే, రేపు పొద్దున్నే ఎర్రమట్టి పిసుకుతున్నాం. నీ ముద్ర జేబులో పెట్టుకుని రా. ఇంటి ముద్ర నాకుంటుంది."

సోహే ఖాళీ జేబు తడుముకుంటూ నిలబడ్డాడు. నేను వెనక నుంచి అతన్ని గట్టిగా గిల్లాను. "అబ్బా!" అన్నాడు. టీచరు గారు మా వైపు తిరిగి, "అక్కడ మాటలేంటి?" అని గద్దించింది. మామగారు మళ్లీ బల్ల మీద వేలు నొక్కారు.